వంటపాత్రకు లోపలి పూత



వంటయింటికి వస్తువు కొనబోవునపుడు మనము ముందుగా చూచునది దాని మెఱుగు. అంగడివాడును ముందుగా దానినే చూపును. పాత్రను వెలుతురునకు త్రిప్పి, అందులో మన ముఖము కనబడుచున్నదా లేదా యని చూచి, వ్రేలితో తట్టి మ్రోత విని, బేరమాడి కొని తెచ్చుకొందుము. ఆ పాత్రలో పులుసు కాచినపుడు లోపలి గోడ యేమగునో, ఆ గోడపై నున్నది యే పూతయో, అది యెన్నాళ్లు నిలుచునో అడుగువారు అరుదు. నేడు నేను చెప్పదలచినది ఆ లోపలి పూతనుగూర్చి. బయటి మెఱుగు మాటకూడ చివర రెండు ముక్కలు చెప్పెదను. దానికి దక్కవలసిన చోటు అంతే.

ఈ విషయము చెప్పవలెనని నాకు ఎత్తిపోతలయొద్ద తోచినది. ఎఱుగనివారికొక మాట: పల్నాడు జిల్లాలో మాచర్లకును నాగార్జునసాగరమునకును నడుమ చంద్రవంక యను చిన్ననది 70 అడుగుల యెత్తునుండి లోయలోనికి దూకు చోటునకు ఎత్తిపోతల యని పేరు. అచ్చటినుండి కొంతదూరము పాఱి యది కృష్ణలో కలియును. జలపాతము ఎండిపోకుండుటకై సాగరము కుడికాలువ నీటిని పైవాగులోనికి వదలు నేర్పాటుకూడ కలదు. దూకిన నీరు నిలుచు మడుగున మొసళ్లను పెంచుచున్నారు. దత్తాత్రేయస్వామి గుడియు, మధుమతీదేవి గుడియు నచ్చటనే యున్నవి. కార్తీకమాసమున వనభోజనములకు వచ్చినవారు చెట్లక్రింద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టుకొందురు. నేను మాచర్ల ప్రాంతమున పుట్టి పెరిగినదానను గనుక ఆ వంటల పొగ నాకు చిన్ననాటినుండియు తెలిసినదే.

ఒక కార్తీకమున అచ్చట మూడు పొయ్యిలు ప్రక్కప్రక్కనే మండుచుండగా చూచితిని. మొదటిదానిపై అద్దెకు తెచ్చిన పెద్ద ఇత్తడి గుండిగ. పులిహోరకు చింతపండు పులుసు ఉడుకుచున్నది. రెండవదానిపై అల్యూమినియము డేగిసా, గోంగూర మగ్గుచున్నది. మూడవదానిపై పట్నమునుండి కారులో వచ్చినవారి నల్లని నాన్‌స్టిక్ పెనము. క్రింద కట్టెలు భగ్గున మండుచున్నవి, పెనమున ఇంకను నూనెచుక్క పడలేదు. ముగ్గురును శ్రద్ధగల గృహిణులే. మువ్వురి పాత్రలును శుభ్రముగనే యున్నవి. అందులో ఇత్తడి గుండిగ బయట బంగారమువలె మెఱయుచున్నది. వంటచేయు పెద్దామె దానిని చూపి, “ఎట్టా మెరుస్తందో చూడమ్మా, రాత్రి ఇద్దరం కూర్చుని తోమాం” అని సంతోషముతో చెప్పినది. నేను వంగి లోపల చూచితిని. పైయంచున తెల్లని కళాయి మిగిలియున్నది గాని, గరిటె ఆడు మేరయంతయు తగరపు తెలుపు పోయి ఇత్తడి పసుపు బయటపడినది. ఆ పసుపుమీదనే పులుసు కుతకుత ఉడుకుచున్నది. ఆమెతో మెల్లగా మాటలాడి, ఆ పులుసును పారబోయించి, మఱల చింతపండు నానవేసి ఒక స్టీలు గిన్నెలో కాచుకొంటిమి. భోజనము గంటసేపు ఆలస్యమైనది. పిల్లలు కొంత గొణిగిరి.

ఇంతమాత్రమునకే పులుసు పారబోయవలెనా యని మీరడుగవచ్చును. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును కలిసిన లోహము. చింతపండులోని పులుపు ఈ రెంటిని కరగించును. కరగిన రాగిలవణమునే మన పెద్దలు కిలుము అనిరి. “కిలుమెక్కిన కూర” తినరాదని వారికి రసాయనశాస్త్రము చదువకయే తెలియును. రాగి మితిమీఱి కడుపులో పడినచో వికారము, వాంతులు, కడుపునొప్పి కలుగును. విందులలో భోజనముచేసినవారికి కలుగు వాంతులన్నియు చెడిన కూరవలననే యని అనుకొందుము గాని, కళాయి పోయిన పాత్రను తలక్రిందులు చేసి చూచువారు లేరు. ప్రభుత్వమువారును ఈ విషయమును చిన్నదిగా తలపలేదు. ఆహారకల్తీ నిరోధమునకై 1955లో చేసిన నియమములలో, సరిగా కళాయి పూయని రాగి యిత్తడి పాత్రలలో వండిన లేక నిలువచేసిన పదార్థము తినుటకు తగనిదిగా భావింపబడునని వ్రాసిరి. తుప్పుపట్టిన పాత్రలను, పెచ్చులూడి తుప్పెక్కిన ఎనామెలు పాత్రలను అదే జాబితాలో చేర్చిరి. 2011లో ఆహారభద్రతా నియమములు చేసినపుడు ఈ మాటలు మఱల అట్లే వచ్చినవి. ఇట్లు మన వంటపాత్రల పూత చట్టమునకెక్కిన విషయము.

కళాయి పనిని నేటి పిల్లలు చూచియుండరు. అందుచేత కొంత వివరముగా చెప్పెదను. కళాయివాడు వీధిలో నేలను చిన్న గుంట త్రవ్వి, తోలుతిత్తినో చేతితో త్రిప్పు పంకానో అమర్చి బొగ్గులు రాజవేయును. పాత్రను ముందుగా ఇసుకతోను పులుసుతోను తోమి, జిడ్డును చిలుమును పూర్తిగా పోగొట్టును. తరువాత నిప్పులపై త్రిప్పుచు కాచి, వేడెక్కినపుడు నవాసారము పొడి చల్లును. తెల్లని పొగ లేచును, ముక్కు మండును. ఆ నవాసారమే లోహముమీది మురికిపొరను తినివేసి తగరము అంటుకొనుటకు దారిచేయును. అప్పుడు తగరపు కడ్డీని ఒక్క గీత గీసి, దూదియుండతో చుట్టును రాచునప్పటికి పసుపుపచ్చని పాత్ర యొక్క క్షణమున వెండిగిన్నె యగును. వెంటనే నీటిలో ముంచును. చూచుటకు గారడివలె నుండు ఈ పనిలో గుట్టంతయు శుభ్రతయందును, వేడియొక్క పరిమితియందును ఉన్నది. జిడ్డున్నచోట తగరము పట్టదు. వేడి మితిమీఱినచో తగరము మాడి నల్లబడును.

ఇక్కడ గృహిణి జాగ్రత్తపడవలసిన సంగతి యొకటి యున్నది. తగరము ఖరీదైనది. సీసము చవుక. తగరము 232 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద కరగును. సీసము 327 డిగ్రీలయొద్ద గాని కరగదు. ఐనను ఈ రెంటిని తగుపాళ్లలో కలిపినచో, ఆ మిశ్రమము 183 డిగ్రీలకే కరగి నూనెవలె ప్రాకును. రేడియోలును విద్యుత్తుతీగలును అతుకువారు వాడుచు వచ్చిన సీసపు టంకము అట్టిదే. అదియు తెల్లగనే మెఱయును, త్వరగా పూయబడును, బొగ్గు మిగులును. కావున తెలియక కొందఱు, తెలిసి కొందఱు టంకపు కడ్డీతో వంటపాత్రకు కళాయి పూయుట కలదు. అట్టి పాత్రలోని పులుసులో సీసము దిగును. రాగివలన కడుపు తిరిగినచో మనకు వెంటనే తెలియును. సీసము మాత్రము చప్పుడు చేయదు. కొంచెము కొంచెముగా ఎముకలలో చేరి, పిల్లల మెదడు ఎదుగుదలకు అడ్డుపడును. ఇంతవరకు సీసము హానిచేయదని గీతగీసి చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అభిప్రాయము.

పూసిన తరువాత కంటితో చూచి తగరమునకును సీసము కలిసినదానికిని భేదము చెప్పుట కష్టము. అందుచేత పూయుటకు ముందే జాగ్రత్తపడవలెను. నేను మా యింటి పాత్రలకు కళాయి పూయించునపుడు తగరపు కడ్డీని నమ్మకమైన లోహపు టంగడిలో నేనే కొని యిత్తును; కూలి వేఱుగా నిత్తును. మంచి తగరపు కడ్డీని చెవిదగ్గఱ పట్టుకొని వంచినపుడు కిఱ్ఱుమని సన్నని చప్పుడు వచ్చును. సీసపుముక్క చప్పుడులేకయే వంగును. ఇది పూర్తి పరీక్ష కాదు గాని మొదటి వడపోతకు పనికివచ్చును. కళాయివాడు దీనిని అవమానముగా తలచునేమోయని నాకు మొదట సంకోచముండెడిది. పనితెలిసినవాడు సంతోషించునని తరువాత తెలిసినది. తగరపు ఖర్చు తన నెత్తిమీదనుండి దిగును గదా!

కళాయి పూయించిన తరువాత దానిని కాపాడుకొనుట మన పని. ఒట్టి పాత్రను మంటపై పెట్టరాదు. నీరు లేని యిత్తడి అడుగు కొద్ది నిమిషములలోనే 232 డిగ్రీలు దాటి, తగరము కరగి యొకమూలకు జరిగిపోవును. కారము వేయించుట, పోపు మాడ్చుట అందులో కూడదు. ఇనుపగరిటె బదులు చెక్కగరిటె వాడవలెను. ఇటుకపొడితో లోపల తోమరాదు. చింతపండుతో తోముట బయటికే గాని లోపలికి గాదు. ఇంత శ్రద్ధ చూపినను కళాయి అరగకమానదు. ఎప్పుడు పసుపు కనబడునో అప్పుడే మఱల పూయించవలెను, పండుగవరకు ఆగరాదు.

నేడు ఇత్తడికి మఱల గౌరవము వచ్చుచున్నది. గోదావరి సీమలోని అజ్జరపు బిందెలను, శ్రీకాకుళము జిల్లా బుడితి పనివారి కంచు ఇత్తడి సామానులను పట్నమువారు వెదకి కొనుచున్నారు. సంతోషమే. కాని అలంకారమునకై అమ్ము కొన్ని యిత్తడి వస్తువులకు మెఱుగు చెడకుండ వార్నీషువంటి పారదర్శకమైన పూత పూయుదురు. అది గోడబల్లమీద పెట్టుకొనుటకు. పొయ్యిమీద పెట్టుటకు గాదు. కొనునపుడు “ఇది వంటకా, అందమునకా” యని అడుగుటకు సిగ్గుపడవద్దు.

మన ముత్తవ్వలు ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు మఱియొక యుపాయము చేసిరి. పులుసును రాచ్చిప్పలో కాచిరి. మెత్తనిరాతిని తొలిచి చేసిన ఆ పాత్రకు పూతయే అక్కఱలేదు, పులుపునకు చలింపదు, దించిన గంటకుగూడ వేడి నిలుచును. క్రొత్తదానిని ఒక్కసారిగా మంటపై పెట్టినచో విఱుగును గనుక, కొన్నినాళ్లు గంజి పోసి, నూనె రాచి, సన్ననిసెగకు అలవాటు చేయుదురు. మట్టిచట్టియు ఇట్టిదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థవారు 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో వంటకు మట్టిపాత్రలను మేలైనవిగా చెప్పిరి. పచ్చళ్లు, సాంబారు వంటి పులిపదార్థములను అల్యూమినియము, ఇనుము, కళాయిలేని యిత్తడి రాగి పాత్రలలో నిలువయుంచరాదని వారే హెచ్చరించిరి. ఊరగాయకు పింగాణిజాడీని ఏర్పఱచిన పెద్దలు దీనిని విన్నచో తలయూపియుందురు.

ఇప్పుడు అల్యూమినియము మాట. 1898 ప్రాంతమున చెన్నపట్టణపు చిత్రకళాశాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దొర అల్యూమినియము పాత్రల తయారీని ఆరంభించెను. తేలిక, చవుక, త్వరగా వేడెక్కును. అందుచేత కొలదికాలములోనే అది పేదల యిండ్లకు ప్రాకినది. మనవారు దానికి పాతపేరే తగిలించి సత్తు అనిరి. గాలితగిలిన వెంటనే అల్యూమినియముమీద కంటికి కనబడని యొక సన్నని పొర పుట్టును. అదియే దాని సహజకవచము. ఆ కవచమునకు శత్రువులిద్దఱు: పులుపొకటి, క్షారమొకటి. వండునపుడు గోంగూర, చింతపండు, టమాటో దానిని తినును. తోమునపుడు బూడిద, చాకలిసోడా తినును. పాపము, రెండువైపుల దెబ్బలే! విద్యుత్తు సాయముతో ఆ పొరనే మందముగా పెంచినదానిని ఆనోడైజు చేసిన పాత్ర యందురు. నల్లగా బూడిదరంగుననుండు కుక్కర్లు అవియే. ఆ పూత గట్టిది. కాని దానినిగూడ చాకలిసోడాతో తోమినచో తెల్లబడి పోవును.

హిందాలియము పాత్రలనుగూర్చి మఱియొక వార్త చెప్పవలెను, ఏలయన మన పిల్లలు సముద్రముదాటి పోవునపుడు తల్లులు పెట్టెలో పెట్టి పంపునవి యవియే. 2025లో అమెరికా ఆహార ఔషధశాఖవారు విదేశములనుండి వచ్చు కొన్ని అల్యూమినియము, ఇత్తడి, హిందాలియము పాత్రలనుండి సీసము ఆహారములోనికి దిగుచున్నదని హెచ్చరించి, అట్టివానిని అమ్మవద్దని వర్తకులకు చెప్పిరి. తుక్కులోహము కరగించి పోసినపుడు అందులో ఏమేమి కలియునో పోతపోసినవానికే తెలియదు. దీనికి పైపూత మందుగాదు. ముద్రయు ప్రమాణమును లేని పోతపాత్రను చవుకయని కొనకుండుటయే మందు.

తుప్పుపట్టని యుక్కు, అనగా స్టెయిన్‌లెస్ స్టీలు, ఈ తగవులన్నిటిని చాలవఱకు తీర్చినది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ దానిని పోసెను. ఇనుములో నూటికి పదిన్నరపాళ్లకు తక్కువగాకుండ క్రోమియము చేర్చినచో, లోహముమీద క్రోమియపు పొర తనంతట తానే కట్టును. గీత పడినను గాలి తగిలి మఱల తానే పూడును. ఎవడును పూయని పూత, ఎవడును మఱల పూయనక్కఱలేని పూత! మన పులుసునకు ఇంతకంటె సులభమైన పాత్ర నాకు కనబడలేదు. ఐనను అందును తారతమ్యము కలదు. 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు గలది మేలైన రకము. దానిని 304 అని వ్యవహరింతురు. నికెలు తగ్గించి మాంగనీసు చేర్చిన 200 వరుస రకము చవుక. ఉప్పునకు కొంత తొందరగా లొంగును. అయస్కాంతము అంటుకొననిచో మంచిస్టీలని అంగడిలో పరీక్ష చూపుదురు. ఆ పరీక్షను నమ్మవద్దు: ఈ రెండు రకములకును అయస్కాంతము సరిగా అంటుకొనదు. పైగా విద్యుత్తుతో పనిచేయు ఇండక్షన్ పొయ్యికి అయస్కాంతము అంటు అడుగే కావలెను. అడుగుననో ప్రక్కనో అచ్చువేసిన రకపు సంఖ్యను చూచుట మేలు. చన్నీటిలో ఉప్పువేసి స్టీలుగిన్నెను పొయ్యిమీద వదలరాదు. ఉప్పు అడుగున కూర్చుండి చిన్నచిన్న గుంటలు తినును. నీరు మఱిగినపిదప వేసి కలియబెట్టినచో ఆ బాధ లేదు.

నాన్‌స్టిక్ పూతకు మూలమైన పదార్థమును 1938 ఏప్రిల్ 6వ తేదీన అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను రసాయనజ్ఞుడు వేఱొక పని చేయుచు కనుగొనెను. దానికి ఏదియు అంటదు. పులుపు దానినేమియు చేయలేదు. దాని బలహీనత వేడి. పైన చెప్పిన పోషకాహారసంస్థవారు 170 డిగ్రీలు దాటనీయవద్దనిరి. ఒట్టిపెనము గ్యాసుమంటపై కొన్ని నిమిషములున్నచో ఆ మేర సులభముగా దాటును. కట్టెలమంట మాట చెప్పనేల? మఱింత మితిమీఱి కాగినపుడు వచ్చు పొగకు పంజరములోని పక్షులు చచ్చుట కలదు. గీతలుపడి పెచ్చులూడినదానిని పారవేయవలసినదే. రాతిపూత, గ్రానైటుపూత యని అమ్ము పెనములలో చాలవాటి యందును ఈ పదార్థమే యుండును. పేరునుచూచి రాచ్చిప్పకు చెల్లెలనుకొనరాదు. దోసెకు నేను ఇనుపపెనమునే వాడుదును. నూనె రాచి కాచగా కాచగా దానిమీద నూనెయే గట్టి నల్లని పూతగా మాఱును. ఊడినను మఱల మనమే పెట్టుకొనవచ్చును. దానిమీద పులుసు మాత్రము కాచరాదు.

ఎనామెలు పాత్ర యినుముమీద గాజుపూత. పులుపునకు మిక్కిలి మంచిది. క్రిందపడవేసినచో మిక్కిలి చెడ్డది. పెచ్చూడినపిదప దానిని మొక్కలకు నీరుపోయుటకు వాడుకొనుడు.

ఇంతవఱకు పులుపు చెప్పితిని. మా పల్నాటివారికి దానితోపాటు నీరుకూడ చెప్పవలెను. మాది సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నపుబట్టీలు ప్రసిద్ధములు. మాచర్లలో 1958లో సిమెంటు కర్మాగారము వెలసినదియు ఆ రాతివలననే. అట్టి రాతిలోనుండి వచ్చిన బోరునీటిలో సున్నము కరగియుండును. నీరు మఱిగినపుడు ఆ సున్నము విడిపోయి తెల్లని పక్కుగా పాత్రకు పట్టును. కెటిలులో, నీళ్లు కాచు బిందెలో, కుక్కరు అడుగున దానిని మీరు చూచియుందురు. పక్కు విషము గాదు. కాని వేడిని లోపలికి పోనీయదు. గ్యాసును విద్యుత్తును తినును. విద్యుత్తుకెటిలులోని తీగచుట్టకు పట్టినచో తీగ మాడును. దానిని పోగొట్టుటకు పులుపే సాధనము: నిమ్మరసమో, వినిగరో కలిపిన నీటిని కాచి కొంతసేపు ఉంచినచో పక్కు నురుగెత్తి వదలును.

ఇక్కడ పూతను ఎన్నుకొనుట యన నేమో తెలియును. పక్కు పట్టు నీరున్న యింటిలో నెలకొకమాఱైన పులుపుతో కడుగక తప్పదు. అట్లు కడిగినను చెడని పూత స్టీలునకును, గాజునకును, మంచి యెనామెలునకును మాత్రమే కలదు. కళాయి, అల్యూమినియము, ఆనోడైజు పాత్రలు నీళ్లు కాచుటకు మా ప్రాంతమున పనికిరావు. కృష్ణకాలువ మెత్తనినీరు వచ్చు ఊరిలో అవియే కొంతకాలము మన్నును. చుట్టపుటింట బాగున్నదని ఆ పాత్రనే మన యింటికి తెచ్చుకొనుటకు ముందు, వారి నీరును మన నీరును ఒకటియేనా యని విచారింపవలెను. కెటిలు కొనునపుడు తీగచుట్ట స్టీలుబిళ్లక్రింద దాగియున్నదానిని తీసికొనుడు, తుడుచుటకు సులభము.

ఇక బయటి మెఱుగు. గ్యాసుపొయ్యికి పైపలకగా నల్లనిగాజును నేడు ఎక్కువమంది కోరుచున్నారు. అంగడిలో అది యద్దమువలె నుండును. మా బోరునీటితో తుడిచినచో ఆఱిన ప్రతిబొట్టును తెల్లని వలయమై నిలుచును. ప్రొద్దున్న తుడిచినది మధ్యాహ్నమునకు ముగ్గువేసినట్లుండును. వేడి గాజుమీద చన్నీరు చిలికించుటయు మంచిదిగాదు. అద్దపుమెఱుగు స్టీలుమీదను బొట్లు కనబడును, గీతలు కనబడును. సన్నని గీతలతో మసకగా చేసిన స్టీలుపలకమీద ఈ రెండును కనబడవు. గీతలవెంబడి తుడిచినచో చాలును. మిక్సీ బయటిపెట్టె తెల్లనిదైనచో పసుపుమరక పోదు. ఎఱ్ఱనిదో ముదురురంగుదో యైనచో మనసునకు నెమ్మది. దాని గిన్నెమాత్రము లోపల స్టీలుదై, మూలలు గుండ్రముగా తిరిగినదై యుండవలెను, పచ్చడి దాగకుండ.

మంచుపెట్టెకు, అనగా ఫ్రిజ్జికి, ఉక్కురేకుమీద పొడిరంగు చల్లి కాల్చిన పూత యుండును. ఆ పూత గీతపడినచోట తుప్పు లోపలికి ప్రాకును. ముఖ్యముగా అడుగున, నేల కడిగిన నీరు తగులుచోట. కొనిన దినముననే నాలుగు కాళ్లక్రిందను ఎత్తుపీట పెట్టించుడు. తలుపునకు అంటించిన పల్చని కాగితపు పొరను అందముగానున్నదని ఏండ్లతరబడి వదలువారున్నారు. దానివెనుక తడి నిలుచును. మొదటి వారములోనే ఊడదీయించుడు.